కొత్త సోంపేట వాటా

మొదటి రోజు

దిగీ దిగగానే తల మూడుసార్లు కొట్టుకుంది. ఓడ గుమ్మానికి ఒకసారి, సొరంగం కప్పుకు రెండుసార్లు. అంగారకుడి మీద నా బరువు ఇరవై ఆరు కిలోలట. తగ్గాలని ఇరవై ఏళ్లుగా నేను పడని పాట్లు లేవు. తీరా తగ్గాక అడుగు ఎంత వెయ్యాలో తెలియడం లేదు.

"రాయే తల్లీ, తల జాగర్త! మా ఊరొచ్చినోల్లందరికీ మొదటి బగుమతి బొప్పే," అంటూ ఎదురొచ్చాడు గొర్లె అప్పన్న. ఈ ఊరి పెద్ద. ముప్పై నాలుగేళ్ల కిందట శ్రీకాకుళం వైపు నుంచి సొరంగాలు తవ్వడానికి వచ్చిన తొలి జట్టు మనిషి. వాళ్లే ఈ ఊరికి కొత్త సోంపేట అని పేరు పెట్టుకున్నారు.

నన్ను ఒక అద్దం గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. అవతల లోయ. కిందికి చూస్తే అడుగు కనబడదు, ఎదురుగా చూస్తే ఆవలి ఒడ్డు కనబడదు. కొండను నిలువునా తొలిచి కట్టిన ఏడు వందల ఇళ్ల కిటికీల్లో దీపాలు వెలుగుతున్నాయి. సూర్యుడు దిగుతుంటే, మన దగ్గర ఎర్రబడే చోట ఆకాశం నీలంగా మారింది. నాకు ఏడుపొచ్చింది. యాభై నాలుగేళ్ల మనిషిని, పని మీద వచ్చినదాన్ని, కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. అప్పన్న చూడనట్టు పక్కకు తిరిగాడు.

పని సంగతి. ఈ లోయలో పదిహేను ఊళ్లున్నాయి, ఇంకా పెరుగుతాయి. కొత్త సోంపేట కూలి ఒప్పందం ఇవాళ్టికి నలభయ్యో రోజున ముగుస్తుంది. ఆ లోపల ఊరు ఉమ్మడిగా ఏదో ఒక సాంకేతిక సంస్థలో కనీసం పదో వంతు వాటా కొనాలి. ఆ సంస్థ సరుకు మూడేళ్లలో సగానికి పైగా ఊళ్లకు, అంటే ఎనిమిది ఊళ్లకు, పాకాలి. పాకితే వీళ్లు నివాసులు. లేకపోతే అందరూ భూమికి తిరుగుటపా. ఊరి నిధి ఒక్కసారి కొనడానికే సరిపోతుంది.

ఏది కొనాలో నేను చెప్పాలి. ఆలోచించే యంత్రాన్ని అడిగితే లోకంలోని యంత్రాలన్నీ అదే క్షణంలో అదే పేరు చెబుతాయి, వాటా ధర కొండెక్కి కూర్చుంటుంది. అందుకని మమ్మల్ని పంపుతారు. మమ్మల్ని ఏరేవాళ్లు అంటారు, బియ్యంలో రాళ్లు ఏరినట్టు సంస్థల్ని ఏరతాం కనుక. పెన్సిలూ ఈ పుస్తకమూ తప్ప నా దగ్గర ఏ పరికరమూ ఉండకూడదు. చూసింది చూసినట్టు రాయాలి.

మూడో రోజు

మా ఏరేవాళ్ల పద్ధతి ఒక్కటే. దుకాణాలకు వెళ్లం, ప్రకటనలు చదవం. నేరుగా మరమ్మతు కొట్టుకు వెళ్లి కూర్చుంటాం. జనం మోజుపడి కొన్నది పాడైతే పారేస్తారు. లేకపోతే గడవనిదాన్ని మాత్రం బాగుచేయించుకుంటారు. ఈ ఒక్క కిటుకుతో నేను భూమ్మీద పందొమ్మిది సంతల్లో పందొమ్మిది సార్లు సరిగ్గా ఏరాను. గొప్పలు కాదు, ఉన్నమాటే. సరే, కొంచెం గొప్పలే.

ఇక్కడి మరమ్మతు కొట్టు దాలమ్మది. ముప్పై ఒక్కేళ్ల మనిషి, ఏడడుగులకు రెండంగుళాలు తక్కువ. ఈ లోయలో పుట్టిన మొట్టమొదటి బిడ్డ. ఆమె తరువాత ఈ ఊళ్లో ఇంకో నాలుగు వందల మంది పుట్టారు. అందరూ ఇలాగే, గాలికి ఊగే రెల్లులా ఉంటారు.

"భూమ్మీద నా కాళ్లు నన్ను మొయ్యవంట. నీళ్ల తొట్టిలో పడుకోబెట్టి బతికిత్తారంట," అంది ఒక పంపును విప్పుతూ. "సూడ్డానికి భూమి శానా బాగుంటాదని మా అమ్మ సెప్పేది. తొట్టిలోంచి సూడాలేటో!"

నవ్వుతూనే అంది. నేను మాత్రం తలెత్తలేకపోయాను. ఒప్పంద పత్రంలో చదివిన 'తిరుగు ప్రయాణం' అనే మాటకు అర్థం అదన్నమాట.

బరిలో మూడు సంస్థలున్నాయి. వేకువ వాళ్లు గాలి యంత్రాలు చేస్తారు. పాతాళ వాళ్లు మంచును తవ్వి నీళ్లు తీసే బోర్లు చేస్తారు. మూడోది మేఖల, గోడలకు పూసే ఏదో పూత అట. మూడు రోజుల్లో కొట్టుకు వేకువ యంత్రాలు నలభై ఒకటి వచ్చాయి, పాతాళ బోరు తలలు ఇరవై ఆరు. మేఖల సరుకు ఒక్కటీ రాలేదు. మేఖల పేరు కొట్టేశాను.

తొమ్మిదో రోజు

ఇక్కడి రోజు మన రోజు కంటే దాదాపు నలభై నిమిషాలు పెద్దది. ఆ మిగులును ఏం చెయ్యాలో తెలియక వీళ్లు సాయంత్రం ఆరింటికి ఊరి గడియారం ఆపేస్తారు. నలభై నిమిషాలు పని ఉండదు, లెక్క ఉండదు. దీన్ని ఆపుపూట అంటారు. ఊరంతా వీధిలోనే ఉంటుంది. పక్క ఊళ్ల వాళ్లు బండ్లలో వస్తారు. ఎన్ని కబుర్లయినా చెప్పుకోవచ్చు, ఆలస్యమైందని అనేవాడుండడు. ఇంత మంచి ఆలోచన భూమ్మీద ఎవరికీ ఎందుకు రాలేదో!

ఇవాళ ఆపుపూటలో దాలమ్మ బియ్యం కడుగు నీళ్లూ కూర తొక్కలూ కలిపిన కుడితి తెచ్చి ఇంటి గోడ మీద చిలకరించింది. పక్కింటావిడా అదే పని. గొడ్డూ గోదా లేని గ్రహం మీద కుడితి ఎవరికి? తాతల నాటి అలవాటు, చేతులు ఊరుకోవు కాబోలు. చూస్తే ముచ్చటేసింది. గోడలు ఎర్రమట్టితో అలికినట్టు ముదురు రంగులో భలే ఉంటాయి.

పక్క ఊరు కొత్త కిసుము నుంచి వచ్చిన కెన్యా పెద్దాయన ఒకాయన, వెళ్లేటప్పుడు గుడ్డ కప్పిన చిన్న గిన్నె పట్టుకెళ్లాడు. ఏమిటని అడిగితే తోడు అన్నారు. పెరుగంటే నాకు ప్రాణం. నాకూ ఒక చెంచా పెట్టమన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు. ఎందుకో చెప్పలేదు.

పదిహేడో రోజు

దాలమ్మ ఇప్పుడు నన్ను పిన్నీ అంటోంది. అంటే ఇక నా మాటకు ఎదురు చెప్పే చనువు వచ్చిందని అర్థం.

వేకువ యంత్రాలు నూటపాతిక దాటాయి. మరో రెండు ఊళ్ల మరమ్మతు కొట్లకు కూడా బండి మీద వెళ్లి చూసొచ్చాను. అక్కడా ఇదే వరస. ప్రస్తుతం వేకువ అయిదు ఊళ్లలో ఉంది. ఎనిమిదికి పాకడం ఎంతసేపు? వాళ్లదే ఈ లోయ అనిపిస్తోంది. అదే అన్నాను.

దాలమ్మ స్పానర్ కింద పెట్టింది. "అంటే ఎక్కువసార్లు పాడైనదే గొప్పదా పిన్నీ?"

"పాడైనది కాదే, బాగుచేయించుకునేది. అది లేకపోతే ఊపిరాడదు గనక తెస్తున్నారు."

"కంపెనీ లీజులో ఉన్నాది పిన్నీ. పాడైనట్టు కాయితం రాయించకపోతే మా నీల్ల కోటాలో కోత పెడతారు. అందుకని తెత్తారు. నాను బాగుసేసిన తర్వాత సగం మంది తీసికెల్లరు, సూడు," అంది, వెనక గది తలుపు తోసి.

గది నిండా బాగుచేసిన వేకువ యంత్రాలు, కప్పు దాకా పేర్చి ఉన్నాయి. దుమ్ము పట్టి ఉన్నాయి. పందొమ్మిది సార్లు గెలిచినదాన్ని, ఈ వెనక గది తలుపు తియ్యాలని నాకు తోచలేదు. మరి వీళ్లు ఊపిరి ఎలా పీలుస్తున్నారు? అడిగాను. దాలమ్మ బోల్టుల డబ్బాలో తల దూర్చి వినబడనట్టు ఊరుకుంది.

ఇరవై నాలుగో రోజు

పెన్సిల్ ముల్లు రెండుసార్లు విరిగింది. అక్షరాలు ఎలా వచ్చినా క్షమించాలి.

పొద్దున్న పదింటికి భూమి కదిలింది. భూమి అనకూడదేమో, అలవాటు. దాలమ్మ ఇంట్లో ఉన్నాం. పెద్ద చప్పుడుతో వంటింటి గోడ పైనుంచి కింది దాకా పగిలింది. నా చెయ్యి పట్టేంత పగులు. ఈల వేస్తున్నట్టు గాలి బయటికి పోతోంది. చెవులు నొప్పి పుట్టాయి. అయిపోయింది అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

దాలమ్మ పరుగెత్తలేదు. పొయ్యి పక్కనున్న కుడితి బిందె ఎత్తి పగులు పొడుగునా కుమ్మరించింది. రెండు అరచేతులూ గోడకు ఆనించి, "ఊరుకో, ఊరుకో," అంది, ఏడుస్తున్న పిల్లతో మాట్లాడినట్టు.

గోడ కదిలింది. పగులుకు రెండు వైపులా ఆ ఎర్రటి పూత ఉబ్బింది. దాని కింద నుంచి లేత పచ్చ, దాని వెనక పసుపు. పాలు పొంగినట్టు పొంగి, రెండు అంచులూ ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వచ్చి కలుసుకున్నాయి. ఈల సన్నబడింది, ఆగింది. నేను ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది. లోపల ఏదో నెమ్మదిగా లేస్తూ పడుతూ ఉంది. కాసేపటికి గది నిండా వాన పడిన తరువాత వచ్చే వాసన వచ్చింది, గుండెల నిండా గాలి వచ్చింది.

ఆ గోడ ఊపిరి తీస్తోంది. ఇరవై నాలుగు రోజులుగా నేను దానికి జారబడి కూర్చుని యంత్రాలు లెక్కపెడుతున్నాను. నా జన్మలో ఇంత సిగ్గూ ఇంత సంబరమూ ఒకేసారి ఎప్పుడూ కలగలేదు. నేల మీద కూలబడి నవ్వాను, ఏడ్చాను, మళ్లీ వెళ్లి ఆ గోడను ముట్టుకున్నాను.

ఇరవై అయిదో రోజు

దాలమ్మ ఇవాళ కారం డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. మూత తుడిస్తే పేరు కనబడింది: మేఖల.

ఇరవై రెండేళ్ల కిందట ఆ సంస్థ ఈ ఊళ్లో మూడు డబ్బాలు అమ్మింది. నాలుగోది ఎవరూ కొనలేదు. గోడకు పూసిన పదార్థం బతికింది, కుడితి తాగి పెరిగింది. పక్కింటికి కావాలంటే చెంచాడు గీకి గిన్నెలో పెట్టి ఇచ్చారు. పెరుగుకు తోడు ఇచ్చినట్టే. ఆపుపూటలో ఇచ్చిపుచ్చుకున్నదానికి లెక్క లేదు గనక ఏ పుస్తకంలోనూ లేదు. అలా ఊరి నుంచి ఊరికి పోయింది. ఎన్ని ఊళ్లకు పోయిందో ఎవరికీ తెలియదు.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"అనుమతి నేకుండా పానమున్నది ఇంట్లో పెట్టుకుంటే, ఏడాది పాటు ఊరికి సగం నీల్లే ఇత్తారు పిన్నీ. ఆ బయం ఒకటి." డబ్బా మూత మళ్లీ బిగించింది. "ఐనా నువ్వు యంత్రాల గురించి కదా అడిగినావు. గోడ యంత్రమేటి?"

ఆ మాట దగ్గరే నేను ఓడిపోయాను. మరమ్మతుకు రానిది జనానికి అక్కర్లేనిదని నా పద్ధతి చెప్పింది. తన్ను తాను బాగుచేసుకునేది కొట్టుకు ఎందుకొస్తుంది? ఆ పందొమ్మిది సంతల్లో ఇలాంటివి ఇంకెన్ని నా వీపు వెనకే ఉండిపోయాయో.

మేఖల ఇప్పుడు మూతపడబోతోంది. అమ్మకాలు లేని సంస్థ మరేమవుతుంది? ఊరి నిధితో దానిలో పదో వంతు కాదు, మొత్తం సంస్థనే కొనొచ్చు.

ముప్పై ఒకటో రోజు

ఊరి సభ. నేను పేరు చెప్పాను. అద్దం గోడ ముందు ఏడు వందల ఇళ్ల మనుషులు నిలబడి విన్నారు, పొట్టి వాళ్లు భూమ్మీద పుట్టినవాళ్లు, పొడుగు వాళ్లు ఇక్కడివాళ్లు.

చిక్కు కూడా దాచకుండా చెప్పాను. మేఖల పుస్తకాల ప్రకారం దాని సరుకు ఏ ఊళ్లోనూ వాడకంలో లేదు. మూతపడే సంస్థకు మూడేళ్ల గడువు ఇవ్వరు. నివాసాల అధికారి వేముల రాజలింగం గారితో మాట్లాడాను, ఎవరి పేరూ చెప్పకుండా. కేంద్రం అనే ఊళ్లో ఉంటారాయన, అదీ ఈ పదిహేనింటిలో ఒకటి. ఎనిమిది ఊళ్లు తాము ఇప్పటికే వాడుతున్నామని నలభయ్యో రోజున రేడియోలో నమోదు చేయిస్తే సరే అన్నారు. మేఖల మనదయ్యాక అందరికీ అనుమతి పత్రాలు మనమే ఇవ్వగలం. కానీ ముందు వాళ్లు తప్పు ఒప్పుకోవాలి. ఎనిమిది రాకపోతే, ఒప్పుకున్న వాళ్ల నీళ్లు పోతాయి, మన ఊరూ పోతుంది.

"మనం బతకడానికి ఆల్ల పిల్లల నీల్లు పణం పెట్టమందుమా?" అని ఒకావిడ అరిచింది. "పెట్టకపోతే మన పిల్లలు తొట్టిల్లో తేల్తారు!" అని ఇంకొకావిడ. మాటా మాటా పెరిగింది.

అప్పన్న లేచాడు. "తోడిచ్చినప్పుడు ఎవుల్నీ ఏటీ అడగలేదు మనం. ఇప్పుడూ బతిమాలొద్దు. ఆపుపూటలో ఎల్లి, ఉన్న సంగతి సెప్పి, వచ్చీండి. ఆపైన ఆల్లిష్టం."

పధ్నాలుగు ఊళ్లకు పధ్నాలుగు బండ్లు బయల్దేరాయి. మేఖలను కొనేశారు. ఊరి నిధి ఖాళీ. వేకువ కొనమని నేను పాత ధీమాతో చెప్పి ఉంటే ఈ భయం ఉండేది కాదు కదా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ వెనక గది గుర్తొచ్చి లెంపలేసుకున్నాను.

నలభయ్యో రోజు

ఊరిని భూమికి తీసుకుపోవలసిన ఓడ వచ్చి పైన తిరుగుతోంది. అద్దంలోంచి చుక్కలా కనబడుతోంది.

నాలుగింటికి రేడియో గదిలో కూర్చున్నాం, అప్పన్న, దాలమ్మ, నేను. బయట ఊరంతా ఉంది. రాజలింగం గారి గొంతు వచ్చింది, కాగితం చూసి చదువుతున్న గొంతు. "మేఖల సంస్థ సరుకు వాడుతున్న ఊళ్లు తమ పేరు చెప్పి నమోదు చేయించుకోవలెను. సాయంత్రం ఆరు గంటలకు గడియారం ఆగగానే నమోదు ముగియును. చెప్పిన మాట వెనక్కి తీసుకొనుటకు వీలు లేదు."

అప్పన్న మైకు దగ్గరికి జరిగాడు. "కొత్త సోంపేట. మా గోడలకి ఉన్నాది."

ఆ తరువాత గరగర తప్ప ఏమీ లేదు. అయిదయింది. దాలమ్మ వేళ్లు విరుచుకుంటోంది. అయిదుంబావుకు ఎవరో దగ్గారు. కొత్త కిసుము పెద్దాయన, గిన్నె పట్టుకెళ్లినాయన. వచ్చీరాని తెలుగులో, "మా ఊరు. గోడ ఉంది. మంచి గోడ," అన్నాడు. దాలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తరువాత నతున్ చర్, బెంగాలీలో. తరువాత ఒరూరో, వాళ్ల మాట నాకు రాదు, దాలమ్మే గోడ అన్నారని చెప్పింది. ఎర్రమెట్ట. ఇంకో రెండు ఊళ్లు, వాటి పేర్లు కూడా నేనెప్పుడూ వినలేదు. చాలామంది మమ్మల్ని సరిగ్గా చూసింది కూడా లేదు, ఎవరికీ మాతో చుట్టరికం లేదు. పిల్లల నీళ్లు ఒడ్డి ఒక్కొక్కరే వచ్చి తమ గొంతుతో చెబుతున్నారు. లోయ ఎంత పెద్దదో మొదటి రోజు చూశాననుకున్నాను, అప్పుడు చూసింది రాళ్లు.

ఏడు. అక్కడ ఆగిపోయింది.

అయిదూ ముప్పావు. అయిదూ యాభై. మిగిలిన ఊళ్లు చాలా వరకు వేకువ వాళ్ల జీతగాళ్లవి. మాట్లాడితే పనులు ఊడతాయి. వాళ్లను ఎలా తప్పు పడతాం? అప్పన్న తల దించుకున్నాడు. దాలమ్మ నా వైపు చూసి, "పోనీలే పిన్నీ, నీ తప్పేం నేదు," అంది. నన్ను ఓదార్చింది ఆ పిల్ల, తొట్టిలోకి పోవలసింది తనైతే.

అయిదూ యాభై ఎనిమిదికి రేడియోలో కుర్చీ జరిగిన చప్పుడైంది. రాజలింగం గారు గొంతు సవరించుకున్నారు. ఇక ముగిసిందని చెబుతారనుకున్నాను.

"కేంద్రం," అన్నారాయన. కాగితం మడిచిన చప్పుడైంది. తరువాత వచ్చినది కాగితం చూసి చదివే గొంతు కాదు. "మా ఇంట్ల గూడ ఉన్నదమ్మా. వంటింటి గోడకు. మా ఆమె పదకొండేండ్ల సంది పోస్తున్నది కుడితి. ఇగ నా కొలువు పోతె పోనీ. ఎనిమిది. రాస్కుంటున్న."

బయట గడియారం ఆగింది. ఊరు ఒక్కసారిగా అరిచిన అరుపుకు అద్దం గోడ అదిరింది. అప్పన్న నా రెండు చేతులూ పట్టుకుని ఏమో అన్నాడు, ఏమీ వినబడలేదు.

దాలమ్మ మాత్రం లేవలేదు. అంత పొడుగు మనిషీ నేల మీద ముడుచుకుని కూర్చుని, నా మోకాలి మీద తల పెట్టింది.

"ఐతే నాను ఇక్కడే ముసిల్దాన్నయిపోవచ్చా పిన్నీ?" అంది.

"అయిపో," అన్నాను.